చెట్టు ఎక్కలేని గీత కార్మికుడికి 32 శాతమేనా?

తాటివనం_భువనగిరి
మా మేనమామకు 46 ఏళ్లు. మీసాలు రాని వయసు నుంచి తాళ్లు గీయడం తప్ప ఆయనకు వేరే పని తెలియదు. నిరుడు ఎండాకాలంలో చెట్టు మీది నుంచి జారిపడినప్పుడు ఎడమ మడమ ఎముక నుజ్జయింది, నడుములో ఒక పూస అణిగిపోయింది. మడమకు పలక వేసి మరలు బిగించారు. ఇప్పుడు చదునైన నేల మీద మెల్లగా నడుస్తాడు, తన పనులు తానే చేసుకుంటాడు. చెట్టు ఎక్కడం మాత్రం ఈ జన్మలో జరగదని ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పారు.

వైకల్యాన్ని కొలిచి పత్రం ఇచ్చే సదరం శిబిరంలో 32 శాతం వేశారు. 40 లేదు కాబట్టి పింఛను రాదు. అక్కడి వైద్యులను తప్పుబట్టడం లేదు. నడవమన్నారు, గొంతుక్కూర్చోమన్నారు, చీలమండ దగ్గర పరికరం పెట్టి ఎంత వంగుతోందో కొలిచారు, మర్యాదగానే మాట్లాడారు. కానీ ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లూ కూడు పెట్టిన పని పూర్తిగా పోయిన మనిషికి 32 అనే అంకె ఎలా వస్తుందో తెలిసినవారు చెప్పగలరా?

మిర్చియార్డు
వాచ్‌మన్‌గా చేరమని ఎవరూ సలహా ఇవ్వలేదా? మన దేశంలో అన్ని వైకల్యాలకూ అదొక్కటే మందు.

తాటివనం_భువనగిరి
ఊళ్లో సగం మంది ఇచ్చారు. మిగతా సగం మంది హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటో కూడా చెప్పారు.

విశ్రాంత_వైద్యుడు
నేను ఎముకల వైద్యుణ్ణి. ఉద్యోగంలో ఉన్నప్పుడు చాలాకాలం ఇలాంటి శిబిరాల్లో కూర్చున్నాను కనుక అటువైపు మాట కూడా వినండి. సదరం పత్రం ఒక మనిషి పని చేయగలడా లేదా అన్న ప్రశ్నకు జవాబు కాదు. శరీరంలో శాశ్వతంగా ఎంత నష్టం జరిగిందో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం లెక్కగట్టి చెప్పడమే దాని పని. కాలి విషయంలో ఆ లెక్కకు రెండు భాగాలుంటాయి. కీళ్లు ఎంత కదులుతున్నాయి, కండరాల్లో ఎంత బలం ఉంది అన్నది ఒకటి. స్థిరత్వం రెండోది. దీనికి తొమ్మిది పరీక్షలు ఉంటాయి, ఒక్కొక్కదానికి పది. చదునైన నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లు ఎక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, పక్కకు తిరగడం. ఇందులో మెట్లు ఎక్కడం ఉంది గాని చెట్టు ఎక్కడం లేదు. దానికి మార్కులు వేసే అధికారం నాకు లేదు.

వృత్తిని కూడా చూసి శాతం వేయమని వైద్యుణ్ణి అడిగితే, ఒకే గాయానికి ఒక శిబిరంలో 30, పక్క జిల్లాలో 70 వస్తాయి. అప్పుడు ఇదే చర్చలో మమ్మల్ని వేరే కారణంతో తిడతారు.

చిటికి_పోచంపల్లి
చేతికీ అంతే. మా అక్కకు మణికట్టు దగ్గర నరం తెగి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. వాళ్లు అడిగేవన్నీ ఆమె ఏదో ఒకలా చేసి చూపించింది. చేత్తో కలుపుకుని అన్నం తినగలదు, గ్లాసు ఎత్తి తాగగలదు, గుండీలు పెట్టుకోగలదు, జడ వేసుకోగలదు, పేరు రాయగలదు. కాని నూలు పాయను పట్టుకుని, గుర్తు పెట్టిన చోట రబ్బరు ముక్కను బిగించి చిటికి (రంగు అంటకుండా వేసే ముడి) కట్టాలంటే ఆ రెండు వేళ్ల కొసల్లో స్పర్శ ఉండాలి. ఒక ముడి వదులైతే రంగు లోపలికి పాకి చీర మొత్తం పాడవుతుంది. ఇప్పుడు ఆమెకు కండెలు చుట్టే పని తప్ప మరేదీ ఇవ్వడం లేదు. దానికి వచ్చే కూలి ఎంతో మీలో నేతపని తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఓరుగల్లు_వకీలు
వైద్యుడు గారు చెప్పినది సరైనదే, కాని సగమే. వైకల్యాన్ని వృత్తితో కలిపి చూడటం మన చట్టానికి తెలియని విషయం కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోనే సంపూర్ణ వైకల్యానికి నిర్వచనం ఉంది. ప్రమాదం జరిగే నాటికి ఆ కార్మికుడు చేయగలిగిన పనులన్నింటికీ అతణ్ణి అశక్తుణ్ణి చేసేదే సంపూర్ణ వైకల్యం. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది గాని, ఈ ఆలోచన పాతదే.

ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఒక వడ్రంగికి ఎడమ చేయి మోచేతి పైభాగం నుంచి తీసేశారు. చట్టంలోని పట్టిక చూసి అంత శాతమే ఇస్తామని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక నష్టం నూటికి నూరేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఇది 1976 నాటి తీర్పుల సంపుటాల్లో ఉంది. ఆ తరువాత రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో మోటారు ప్రమాదాలకు ఇంకా వివరంగా చెప్పారు. డ్రైవరో వడ్రంగో చేయి పోగొట్టుకుంటే సంపాదనంతా పోయినట్టే. అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగుతాడు కనుక అతని నష్టం వైద్యుడు వేసిన శాతం కన్నా చాలా తక్కువ. కాబట్టి పత్రంలోని శాతాన్ని తీసుకొచ్చి సంపాదన నష్టంగా అతికించవద్దని ట్రిబ్యునళ్లకు చెప్పారు. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ఆ కేసులోనే 45 శాతం పత్రం తెచ్చిన బాధితుడికి సంపాదన నష్టం 20 శాతమేనని లెక్కగట్టారు.

మీ మేనమామగారి ఇబ్బంది ఎక్కడుందంటే, ఈ తీర్పులన్నింటిలో డబ్బు కట్టవలసిన ఎదురుపక్షం ఒకటుంది. యజమానో బీమా కంపెనీయో బోనెక్కి వాదిస్తుంది, అందువల్ల ఆ మనిషి ఏం పని చేసేవాడన్న విచారణ జరుగుతుంది. తాటిచెట్టు మీద కేసు వేయలేం. సొంతంగా గీసుకునే మనిషికి యజమాని ఉండడు కనుక ఆయన పని గురించి ఎవరూ విచారించరు.

జీడిమెట్ల_ఫిట్టర్
నా సంగతి మీ మేనమామకు సరిగ్గా తిరగబడింది. ప్రెస్ మిషన్ కింద పడి నా ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. ఈఎస్ఐ మెడికల్ బోర్డు పట్టిక చూసి సంపాదన శక్తిలో 20 శాతం నష్టం అని రాసింది. నేను అదే కంపెనీలో అదే జీతానికి పని చేస్తున్నాను, నిజానికి ఆ తరువాత జీతం పెరిగింది కూడా. అయినా వైకల్య భృతి నెలనెలా నా ఖాతాలో పడుతుంది, బతికున్నంతకాలం పడుతుంది. ఆ డబ్బు తీసుకోవడం తప్పని నేను అనుకోవడం లేదు, వేళ్లు నావే కదా. కాని సంపాదన పోని నాకు సంపాదన నష్టం పేరుతో డబ్బు రావడం, పూర్తిగా పోయినవారికి ఏమీ రాకపోవడం చూస్తే ఈ లెక్కలు ఎవరు ఎలా కట్టారో అర్థం కాదు.

మిర్చియార్డు
నెలనెలా చందా కట్టారు కాబట్టి మీకు వస్తోంది. అది బీమా, ఇది పింఛను. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ప్రభుత్వ పింఛనుకు శాతం అడ్డుగోడ లేకపోతే రేపు నడుం నొప్పి ఉన్న ప్రతివాడూ గీత కార్మికుడే అవుతాడు.

కృష్ణాతీరం
అడ్డుగోడ ఉన్నా దూకేవారు దూకుతూనే ఉన్నారని మా ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మళ్లీ పరీక్షలు పెట్టారు. దివ్యాంగులకు 6,000, మంచానికి లేక చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నప్పుడు దొంగ పత్రాలు ఏరివేయాలనడంలో తప్పు లేదు. అయితే ఆగస్టులో నోటీసులు వచ్చినప్పుడు మా వీధిలో జరిగినది చెబుతాను. చిన్నప్పుడే పోలియో వచ్చిన ఒకావిడ ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటోంది. కొత్త పరీక్షలో శాతం 40 కంటే కిందికి వచ్చింది. ఆమె కాలు మారలేదు, కొలిచిన మనిషి మారాడు. అప్పీలు పెట్టుకుంటే మళ్లీ చూస్తామన్నారు, చూశారు, పింఛను నిలబడింది. కాని ఆ మధ్యకాలంలో కాలు ఈడ్చుకుంటూ ఎంపీడీవో కార్యాలయం చుట్టూ తిరిగినది ఆమే.

కాబట్టి వృత్తిని లెక్కలోకి తెస్తే అంకె మారిపోతుందన్న విశ్రాంత వైద్యుడు గారి భయం నాకు అంతగా నచ్చలేదు. వృత్తి ఊసే లేకుండా కూడా అది మారుతోంది.

విశ్రాంత_వైద్యుడు
ఒప్పుకుంటాను. స్థిరత్వ పరీక్షల్లో రోగి ఆ పూట ఎంత కష్టపడి చేసి చూపించాడన్నది కూడా అంకెను మారుస్తుంది. పరువుకు పోయి పళ్లబిగువున గొంతుక్కూర్చున్నవారు కొందరు నష్టపోతారు, నటించినవారు కొందరు లాభపడతారు.

తాటివనం గారిని ఒక విషయం అడగాలి. మీ మేనమామ పత్రంలో కాలు ఒక్కదానినే లెక్కించారా, వెన్నెముకను కూడా చూశారా?

తెల్లకర్ర
చర్చ సాగుతున్న దారి నాకు కొంచెం భయం కలిగిస్తోంది. నేను నూరు శాతం అంధుణ్ణి, బ్యాంకులో అధికారిగా పనిచేస్తున్నాను. పని చేయలేనివారికే వైకల్య సాయం అన్న నియమం తెస్తే మొదట దెబ్బతినేది మావాళ్లే. ఉద్యోగం కోసం వెళ్తే నీవల్ల కాదంటారు, సాయం కోసం వెళ్తే నీవు చేయగలవు కదా అంటారు. ఒక్క మనిషే రెండు కిటికీల దగ్గర రెండు రకాలుగా ఓడిపోతాడు. వైకల్యం ఉన్న మనిషి పని చేసినా, చేయకపోయినా తోడు మనిషికి, ఆటోకు, పరికరానికి ఖర్చు అవుతూనే ఉంటుంది. శాతం అనే కొలమానంలో ఎన్ని లోపాలున్నా, నీ బతుకుతెరువు గురించి నన్ను ఒప్పించు అని అడగకపోవడం దానిలో ఉన్న ఒక గౌరవం. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదని మీరు బాధపడ్డారు. అడగకపోవడం వల్ల మేము చాలాసార్లు బతికిపోయాం.

తాటివనం_భువనగిరి
మీరు చెప్పిన కోణం నాకు తట్టలేదు, ఆలోచించవలసిందే. అయితే మీకు చదువు, దాని వెంట ఉద్యోగం వచ్చాయి. మా మామకు 46 ఏళ్ల వయసులో రెండో వృత్తి ఎక్కడ దొరుకుతుంది? 40 దాటినవారిని ఏమీ అడగవద్దు, ఇచ్చేయండి. దాటనివారిని మాత్రం నీ పని పోయిందా అని ఒక్కసారి అడగమంటున్నాను.

వైద్యుడు గారు, ఇప్పుడే పత్రం తీసి చూశాను. ఎడమ కాలు అని మాత్రమే ఉంది. నడుము ప్రస్తావన ఎక్కడా లేదు.

డల్లాస్_శ్రీకాకుళం
ఇక్కడ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతికి అడిగేది పని గురించే. మా కన్సల్టెన్సీలో పనిచేసిన ఒకాయనకు వెన్ను దెబ్బతిన్నప్పుడు దరఖాస్తు నింపడంలో సాయం చేశాను కాబట్టి తెలుసు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, వారం తరువాత వారం నిలకడగా పని చేయగలరా అన్నది అక్కడ ముఖ్యం. ఒక్కసారి మెట్లు ఎక్కి చూపించినంత మాత్రాన సరిపోదు, ఎక్కకపోయినా సరిపోదు. ఎంతసేపు కూర్చోగలరు, ఎన్ని పౌండ్లు ఎత్తగలరు అని వైద్యుడితో రాయిస్తారు.

అలాగని అదేమీ స్వర్గం కాదు. పాత పని చేయలేకపోతే చాలదు, దేశంలో ఉన్న మరే పనీ చేయలేరని కూడా తేలాలి. 50 ఏళ్లు దాటినవారికి, చదువు తక్కువగా ఉండి ఒళ్లు వంచే పనులే చేసినవారికి కొంత సడలింపు ఉంటుంది. మీ మేనమామ ఇక్కడ ఉంటే, కూర్చుని చేసే పని ఏదో ఒకటి చూపించి దరఖాస్తు కొట్టేసే అవకాశమే ఎక్కువ.

మిర్చియార్డు
అంటే అక్కడ కూడా వాచ్‌మనే.

నిద్రలేని_రాత్రులు
మానసిక వైకల్యానికి మాత్రం మన దగ్గర కూడా పని గురించి అడుగుతారని ఇక్కడెవరూ చెప్పలేదు. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. అతనికి వాడిన కొలమానంలో నాలుగు అంశాలు ఉంటాయి: సొంత శుభ్రత, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని. జబ్బు ఎన్నాళ్లుగా ఉందో దానికి విడిగా మార్కులు కలుపుతారు. మొత్తం 20, అందులో 7 వస్తే 40 శాతం దాటినట్టు. పని అనే అంశం కింద ఉద్యోగం చేస్తున్నాడా, ఎన్ని రోజులు మానేస్తాడు, ఇంట్లో ఏమైనా అందిస్తాడా అని మా అమ్మను చాలాసేపు అడిగారు. మనసు విషయంలో అడగగలిగిన ప్రశ్నను కాలి విషయంలో ఎందుకు అడగలేరో నాకు అర్థం కాదు.

కాకపోతే మందులు పడుతున్నప్పుడు తమ్ముడు బాగానే ఉంటాడు, ఆ రోజే శిబిరం పడితే మాకు గండం.

విశ్రాంత_వైద్యుడు
ఆ కొలమానం గురించి మీరు చెప్పినది నిజం. నా వాదనకు అది గట్టి జవాబే.

తాటివనం గారు, కాలు మాత్రమే లెక్కించారంటే మీ అసలు సమస్య అక్కడే ఉంది. అణిగిన పూస నయమైపోయి నొప్పి, వంకర, కదలికలో లోపం ఏమీ లేకపోతే దానికి శాతం రాదు. ఉంటే దానిని విడిగా లెక్కించి కాలితో కలపాలి. కలపడం అంటే కూడటం కాదు. పెద్ద అంకెకు, చిన్న అంకెలో కొంత భాగాన్నే చేరుస్తారు. తొంభైలోంచి పెద్ద అంకెను తీసివేసి, మిగిలినదానితో చిన్న అంకెను గుణించి, తొంభైతో భాగిస్తే చేర్చవలసినది వస్తుంది. ఉదాహరణకు వెన్నెముకకు 15 వచ్చిందనుకోండి. 32కు 15 కలిపితే 47 కాదు, సుమారు 41.7 అవుతుంది. అయినా 40 దాటుతుంది. 10 మాత్రమే వస్తే 38.4 దగ్గర ఆగిపోతుంది. ఏది వస్తుందో చూడకుండా నేను చెప్పలేను.

ఓరుగల్లు_వకీలు
దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 59వ సెక్షన్ కింద పత్రం మీద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలులో “మా మామ చెట్టు ఎక్కలేడు” అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. “వెన్నెముక గాయాన్ని మదింపు చేయకుండా వదిలేశారు” అని రాయండి. ఆ వాక్యానికి జవాబు చెప్పక తప్పదు.

రెండోది, గీత కార్మికుల పరిహారం వేరే దారి. చెట్టు మీది నుంచి పడి శాశ్వత వైకల్యం కలిగితే తెలంగాణలో ఎక్సైజు శాఖ ద్వారా ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. ఆయనకు సొసైటీ సభ్యత్వం గాని, చెట్టు పన్ను లైసెన్సు గాని ఉందా? పడినప్పుడు ఎక్సైజు స్టేషనుకు తెలిపి పంచనామా చేయించారా?

తాటివనం_భువనగిరి
సొసైటీ సభ్యత్వం ఉంది. పంచనామా కూడా అయింది. మెడికల్ బోర్డు పత్రం దగ్గరే ఆగింది. సదరం పత్రం చూపిస్తే ఇందులో 32 శాతమే ఉంది కదా అన్నారు.

ఓరుగల్లు_వకీలు
అక్కడ మాత్రం వృత్తి మాట ఎత్తండి. అది వృత్తి ప్రమాదానికి ఇచ్చే పరిహారం కాబట్టి, శాశ్వతంగా గీత పనికి పనికిరాడన్న విషయం అక్కడ అసలు ప్రశ్నకు చెందినదే. నేను పైన చెప్పిన తీర్పులు ఈ పథకానికి నేరుగా వర్తించవు, కాని వాదనకు ఊతమిస్తాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర ఒక లేఖ తీసుకోండి.

విశ్రాంత_వైద్యుడు
లేఖలో ఏముండాలో నేను చెబుతాను. “బరువు పనులు చేయరాదు” అన్న వాక్యం వల్ల ప్రయోజనం లేదు, అందరికీ అదే రాస్తాం. మడమ కింది కీలు బిగుసుకుపోయి పాదం లోపలికి, బయటికి తిరగడం లేదని, తాటి బోదెను రెండు పాదాలతో ఒడిసిపట్టడానికి ఆ కదలికే ఆధారమని, మోకు మీద వెనక్కి వాలినప్పుడు భారమంతా నడుము మీద పడుతుందని, అందువల్ల చెట్టు ఎక్కడం శాశ్వతంగా సాధ్యం కాదని విడివిడిగా రాయించండి. సీటీ స్కాన్ జతచేయండి. కదలిక ఎన్ని డిగ్రీలుందో అంకెల్లో ఉండాలి.

డిపో_మాజీ
ప్రభుత్వ ఉద్యోగులకు ఇదే గాయమైతే కథ వేరుగా ఉండేది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే వేతన స్కేలుతో వేరే పోస్టు చూపించాలి అని దివ్యాంగుల హక్కుల చట్టమే 20వ సెక్షన్‌లో చెబుతుంది. రంగులు గుర్తించలేడని వైద్య కారణాలతో పంపేసిన ఆర్టీసీ డ్రైవరు విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వమంది. వర్ణాంధత్వం చట్టంలోని వైకల్యాల జాబితాలో లేకపోయినా, 1979 నాటి కార్మిక ఒప్పందం ఆయనను కాపాడింది. అప్పట్లో సంఘం వాళ్లు కూర్చుని రాయించుకున్న క్లాజు అది. గీత కార్మికుల సంఘాలు ఈ శాతం సంగతి మీద కూడా ఒక విన్నపం పెట్టవచ్చు కదా.

చిటికి_పోచంపల్లి
50 ఏళ్లు నిండితే గీత కార్మికులకు ఆసరాలో విడిగా పింఛను ఉంది కదా?

తాటివనం_భువనగిరి
ఉంది, 2,016. దానికి ఇంకా నాలుగేళ్లు ఉంది. దివ్యాంగుల పింఛను 4,016. చెట్టు నుంచి పడటానికి కూడా వయసు చూసుకోవాలని మామ అంటాడు.

మిర్చియార్డు
మామగారికి నా నమస్కారం చెప్పండి. ఒక సందేహం మిగిలింది. అప్పీలులో 40 దాటి పింఛను మంజూరయ్యాక నిజంగానే ఎక్కడైనా కాపలా పనికి కుదిరితే, పని చేస్తున్నాడు కదా అని పింఛను ఆపేస్తారా?

ఓరుగల్లు_వకీలు
పని చేస్తున్నాడన్న ఒక్క కారణంతో ఆపరు. అది తెల్లకర్ర గారు చెప్పిన గౌరవంలో భాగమే. కుటుంబ ఆదాయానికి, భూమికి సంబంధించిన షరతులు వేరుగా ఉన్నాయి, వాటిని దాటితే మాత్రం ఇబ్బంది. కాబట్టి పని దొరికితే చేయనివ్వండి, ముందు అప్పీలు వేయండి. అప్పీలు కాగితం ముసాయిదా రాసి ఇక్కడ పెడితే, పేరు, ఊరు తీసేసి పెట్టండి, చూసి దిద్దుతాను.

తాటివనం_భువనగిరి
సీటీ స్కాన్ ఫిల్ము దొరికింది, రిపోర్టు కాగితం మాత్రం కనిపించడం లేదు. సోమవారం ఆసుపత్రికి వెళ్లి రిపోర్టు నకలు, డాక్టరు లేఖ రెండూ అడుగుతాను. ఆ తరువాత ముసాయిదా పెడతాను.